బరంపురం, పర్లాకిమిడి తెలుగు ఇళ్ళల్లో పెద్దల కాగితాలు: జ్ఞాపకం గట్టిగా ఉన్నప్పుడే చేయవలసినవి

అమ్మానాన్నలు ఒడిశాలో, బరంపురంలోనో గుణుపురంలోనో ఉంటారు, పిల్లలు విశాఖలో. పట్టా ఒడియాలో ఉంటుంది, సంతకం తెలుగులో. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

ముందుగా పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు అక్షరం అక్షరం చూడండి. మన ఇంటిపేరు ఒకదాంట్లో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో పొడి అక్షరమే. పెద్దాయన స్వయంగా ఆఫీసుకి రాగలిగినప్పుడే సరిచేయించండి. ఆయన పోయాక ఆ పేర్లన్నీ ఒక్క మనిషివేనని రుజువు చేయడం వారసుల నెత్తిన పడుతుంది.

అసలు ప్రమాదం ఇంటి విషయంలో. "ఎలాగూ వాడిదే కదా" అని బతికుండగానే గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసేస్తారు. రిజిస్టరయ్యాక మనసు మారిందని దాన్ని వెనక్కి తీసుకోలేరు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద రద్దు కోరవచ్చు గానీ, చూసుకుంటామన్న షరతు మీదే రాసిచ్చారని తేలాలి. షరతు లేకపోతే ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. రాయక తప్పకపోతే, తిండి, మందులు, వసతి చూడాలన్న షరతు, ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు రెండూ దస్తావేజులోనే రాయించండి. నోటిమాట చాలదు.

మా సలహా వీలునామా. స్టాంపు ఖర్చు లేదు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. వాళ్ళు ఆస్తి దక్కనివాళ్ళు, రాసేవారికన్నా వయసులో చిన్నవాళ్ళు అయితే మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. తెలుగు మాత్రమే చదివే అమ్మ ఒడియా కాగితం మీద సంతకం పెడితే, "అందులో ఏముందో ఆమెకి తెలీదు" అనే వాదన రేపు కోర్టులో వస్తుంది. తెలుగులో చదివి వినిపించామన్న వాక్యం, చదివినవారి సంతకం చేర్చండి.

పవర్ ఆఫ్ అటార్నీని, అంటే మన తరఫున పనులు చేయమని ఇంకొకరికి రాసిచ్చే అధికారాన్ని, మరీ నమ్ముకోవద్దు. ఇచ్చినవారికి మతి తప్పితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201 ప్రకారం అదీ ఆగిపోతుంది, సరిగ్గా అవసరం పడ్డప్పుడే. తర్వాత గార్డియన్ కోసం కటక్ హైకోర్టు దాకా వెళ్ళాల్సి రావచ్చు. అందుకే బ్యాంకు ఖాతాని ముందే 'ఐదర్ ఆర్ సర్వైవర్'గా, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు నడిపే ఉమ్మడి ఖాతాగా మార్పించండి. నామినీ డబ్బు అందుకునే మనిషే, వారసుడు కాదు.

70 నిండితే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. ఆసుపత్రి వైద్యానికి ఏడాదికి 5 లక్షల దాకా, భార్యాభర్తలిద్దరికీ కలిపి. పథకంలో ఉన్న విశాఖ ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది.

పిల్లలు పట్టించుకోకపోతే, పైన చెప్పిన 2007 చట్టం కింద సబ్ కలెక్టర్ దగ్గరున్న ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టాలి. కొడుకు విశాఖలో ఉన్నా తల్లి తానున్న జిల్లాలోనే పెట్టుకోవచ్చు. చట్టంలో నెలకి 10,000 రూపాయల దాకా భరణం ఉంది. దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.