పాత టూ-స్ట్రోక్ బోటు ఇంజనుకు ఏ ఆయిల్ పోయాలి? ఎంత కలపాలి?

కారులోనో బైకులోనో ఇంజను కింద సంపు ఉంటుంది. పోసిన ఆయిల్ అందులోనే ఉండి తిరుగుతుంటుంది. బోటు వెనక తగిలించే పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డుకు ఆ సౌకర్యం లేదు. పెట్రోలులో కలిసి లోపలికి పోయిన ఆయిలే క్రాంకు బేరింగులను, పిస్టనును తడిపి, ఆఖరికి పెట్రోలుతోపాటు మండిపోతుంది. కాబట్టి ఈ ఆయిల్ లోపల ఉన్నంతసేపూ ఒరిపిడి ఆపాలి, పోయేటప్పుడు బూడిద మిగల్చకుండా పోవాలి. బంకులో దొరికే మామూలు 2టీ ఆయిల్ ఈ రెండో పని దగ్గరే తప్పుతుంది.

1. డబ్బా మీద బ్రాండు కాదు, ముద్ర చూడండి

వెతకాల్సింది "టీసీ-డబ్ల్యూ3" అన్న ముద్ర. టీసీ అంటే టూ-సైకిల్, డబ్ల్యూ అంటే వాటర్‌కూల్డ్, అంటే నీళ్లతో చల్లబడే ఇంజను. ఈ ముద్రకు అనుమతి ఇచ్చేది అమెరికాలోని బోటు తయారీదారుల సంఘం ఎన్‌ఎమ్‌ఎమ్‌ఏ. అసలైన డబ్బా మీద "ఆర్‌ఎల్" అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరు కూడా ఉంటుంది. ముద్ర ఉందంటే యమహా డబ్బా అయినా, సుజుకీ డబ్బా అయినా, మామూలు ఆయిల్ కంపెనీ డబ్బా అయినా ఒకటే. ఒకదాంట్లో ఇంకొకటి కలిసినా నష్టం లేదు.

మోపెడ్లకు, పాత ఆటోలకు, చెట్లు కోసే రంపాలకు అమ్మే 2టీ డబ్బాల మీద "జాసో ఎఫ్‌సీ", "జాసో ఎఫ్‌డీ", "ఏపీఐ టీసీ" అని ఉంటుంది. అవి గాలితో చల్లబడే ఇంజన్లకు చేసినవి. ఆ ఇంజను బాగా వేడెక్కుతుంది కాబట్టి మసిని కడిగేందుకు ఆ ఆయిల్‌లో కాల్షియం లాంటి లోహపు మందులు కలుపుతారు. అవి మండాక బూడిద మిగులుతుంది. నీళ్లతో చల్లబడే ఇంజనును గంటల తరబడి ఫుల్ త్రాటిల్ మీద లాగిస్తే ఆ బూడిద పిస్టను నెత్తి మీద, ప్లగ్గు కొన మీద పేరుకుంటుంది. పేరుకున్నది నిప్పు కణికలా ఎర్రబడి, స్పార్కు రాకముందే పెట్రోలును అంటిస్తుంది. పిస్టనుకు బొక్క పడేది ఇలాగే. టీసీ-డబ్ల్యూ3లో లోహపు మందులు ఉండవు, తుప్పు ఆపే మందు మాత్రం ఉంటుంది. ఉప్పుగాలిలో తిరిగే ఇంజనుకు అదే కావాలి.

"ఎఫ్‌డీ అంటే ఎఫ్‌సీ కన్నా పై రకం, రేటూ ఎక్కువ, ఇంకా మంచిదేగా" అన్న లెక్క ఇక్కడ చెల్లదు. అది వేరే ఇంజనుకు మంచిది. ఖరీదైన సింథటిక్ టీసీ-డబ్ల్యూ3 వాడితే పొగ కొంచెం తగ్గుతుంది. పాత ఇంజనుకు మినరల్ రకమే చాలు.

20డబ్ల్యూ-40 లాంటి ఫోర్-స్ట్రోక్ ఆయిల్ కలిపితే అది సరిగ్గా మండదు. రింగులు గాడిలో అతుక్కుపోతాయి, ప్లగ్గు మాటిమాటికీ చస్తుంది. నడి సముద్రంలో చేతిలో వేరే ఏదీ లేకపోతే ఒక్క ట్యాంకు మోపెడ్ 2టీతో ఒడ్డుకు రావచ్చు. ఆయిల్ లేని పెట్రోలుతో మాత్రం ఒక్క కిలోమీటరు కూడా వద్దు.

2. మీ ఇంజను అడిగే పాళ్లు తెలుసుకోండి

ఇంజను మూత మీదో, ట్యాంకు బిరడా మీదో, మాన్యువల్‌లోనో 50:1, 100:1 అని రాసి ఉంటుంది. 50:1 అంటే 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. ఒకే కంపెనీ ఇంజన్లలోనూ రెండు రకాలూ ఉన్నాయి. అందుకే పక్క బోటువాళ్ల లెక్కను ఎత్తుకోవద్దు.

రాతలన్నీ చెరిగిపోతే 1964 తర్వాత వచ్చిన ఇంజన్లలో చాలావాటికి 50:1 సరిపోతుంది. అంతకు ముందువి, ముఖ్యంగా కంచు బుష్షుల మీద తిరిగేవి, 24:1 అడుగుతాయి. ఇప్పటి ఆయిల్ మెరుగుపడింది కదా అని వాటికి తగ్గించకూడదు. తర్వాతి ఇంజన్లలోని సూది బేరింగుకు (సన్నటి రోలర్ల మీద తిరిగేది) చాలిన తడి బుష్షుకు చాలదు. పాత బ్రిటిష్ సీగల్ లాంటివైతే 10:1 కూడా అడిగేవి. అలాంటి ఇంజను చేతికొస్తే దాని కాగితం దొరికేదాకా స్టార్ట్ చేయకపోవడమే మేలు.

100:1 గురించి ఒక మాట. 1980ల మధ్యలో జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజన్లను 100:1తో నడపొచ్చని వాటి తయారీదారు ప్రకటించి, తర్వాత మళ్లీ 50:1కే వచ్చాడు. రోజూ తిరిగే ఇంజనుకు 100:1 సరిపోవచ్చు. వారాల తరబడి మూలన పడుండే ఇంజనులో బేరింగుల మీద మిగిలే తడి తక్కువ, తుప్పు పడుతుంది.

3. కొలత కొలతే, అందాజు కాదు

లీటరు పెట్రోలుకు 100:1 అయితే 10 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20, 25:1 అయితే 40. 24 లీటర్ల ఎర్ర ట్యాంకుకు 50:1 లెక్కన 480 మిల్లీలీటర్లు, అంటే లీటరు డబ్బాలో సగానికి కొంచెం తక్కువ. గీతలున్న కొలగ్లాసు కొనండి. డబ్బా బిరడాతో కొలిస్తే ఒక్కో డబ్బాకు ఒక్కో లెక్క వస్తుంది.

బోరు చేయించి కొత్త పిస్టను, రింగులు వేసిన ఇంజనుకు మొదటి 10 గంటలు 25:1 కలపండి. ఆ తర్వాత మామూలు పాళ్లకు వచ్చేయండి. "కాస్త ఎక్కువ పోస్తే ఇంకా మంచిది" అనుకుని అక్కడే ఉండిపోతే పొగ, ప్లగ్గు మసి, ఎగ్జాస్టు దారిలో కార్బను తప్పవు. చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. కార్బురేటరు జెట్టు గుండా పోయేది లెక్క ప్రకారమే పోతుంది. అందులో ఆయిల్ పెరిగితే పెట్రోలు అంతమేర తగ్గి, ఇంజను వేడెక్కుతుంది.

4. కలిపే వరస

ట్యాంకును బోటులోంచి దించి నేల మీద పెట్టండి. ముందు నాలుగైదు లీటర్ల పెట్రోలు, తర్వాత కొలిచిన ఆయిల్ మొత్తం. మూత బిగించి బాగా కుదపండి. అప్పుడు మిగతా పెట్రోలు పోసి మళ్లీ కుదపండి. ఖాళీ ట్యాంకులో ముందే ఆయిల్ పోస్తే చిక్కగా అడుక్కు చేరి, మొదటి పది నిమిషాలు ఇంజను దాన్నే తాగి ప్లగ్గు తడుపుకుంటుంది. ఆయిల్‌లో నీలమో పచ్చో రంగు వేసేది ఎందుకంటే కలిపిన పెట్రోలేదో, ఉత్తిదేదో చూడగానే తెలియాలని. రంగు లేని పెట్రోలును ట్యాంకులో నమ్మొద్దు.

ఆయిల్‌ను తనంతట తానే కలుపుకునే పంపు ఉన్న మోడలైతే, పంపు మీద అనుమానం వచ్చిన రోజే ట్యాంకులో 50:1 కలపడం మొదలుపెట్టండి. పొగ ఎక్కువైనా ఇంజను బతుకుతుంది.

కిరోసిన్ మోడళ్లలో స్టార్ట్ చేసే పెట్రోలులోనూ ఆయిల్ కలపాలి, కిరోసిన్‌లోనూ కలపాలి. చల్లటి ఇంజనులో కిరోసిన్ ఆవిరి కాదు, బోరు గోడ మీద తడిని కడిగేస్తుంది. అందుకే వేడెక్కాకే కిరోసిన్‌కు మార్చాలి, ఒడ్డుకు వచ్చే ముందు కొన్ని నిమిషాలు మళ్లీ పెట్రోలు మీద నడిపి ఆపాలి.

5. పెట్రోలులో నీళ్లు: ఆయిల్ సరిగ్గా పోసినా ఇంజను పట్టేసేది ఇందుకే

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులో నీళ్లు మోతాదు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ఆయిల్ మాత్రం పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకు పైపు పీల్చేది అడుగు నుంచి. అంటే ఇంజనులోకి ఆయిల్ లేని ద్రవం పోతుంది. ఓ గాజు సీసాలో ట్యాంకు అడుగు నుంచి కొంచెం పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన నీలం, కింద రంగులేని పొర కనిపిస్తే మొత్తం పారబోయాల్సిందే, కుదిపినా కలవదు. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడకండి.

6. ప్లగ్గు చెప్పేది

ఫుల్ మీద కాసేపు నడిపి, ఒక్కసారిగా ఆపి, ప్లగ్గు విప్పి చూడండి. మధ్యలోని పింగాణీ పాలు తక్కువ వేసిన టీ రంగులో ఉంటే పాళ్లు కుదిరినట్టే. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైంది, లేదా చోక్ మూసుకుపోయింది. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంజను వేడెక్కుతోంది. ఆ తెలుపు మీద మిరియపు పొడి చల్లినట్టు మెరిసే చుక్కలుంటే అవి పిస్టను అల్యూమినియం. ఆరోజు ఇంకెక్కడికీ వెళ్లకండి.

7. గేరు పెట్టెలో ఇది పోయొద్దు

ఫ్యాను (ప్రొపెల్లరు) దగ్గరి గేరు పెట్టెకు 2టీ ఆయిల్ కాదు, మెరైన్ గేర్ ఆయిల్. ఇంజనును నిటారుగా నిలబెట్టి, రెండు స్క్రూలూ విప్పి, కింది రంధ్రం నుంచి నింపుతూ పై రంధ్రం నుంచి బయటికి వచ్చేదాకా ఎక్కించాలి. విప్పినప్పుడు పాత ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తే సీలు పోయి నీళ్లు దిగాయని అర్థం.

8. వేట నిషేధం రోజుల్లో

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను కదలదు. ఉప్పు, తేమ పని చేసేది అప్పుడే. మంచినీళ్ల మీద పది నిమిషాలు నడపండి. అలా నడుస్తుండగానే పెట్రోలు పైపు పీకేసి, ఇంజను ఆగబోతుండగా కార్బురేటరు నోట్లో టీసీ-డబ్ల్యూ3 చుక్కలు చుక్కలుగా వేయండి. దట్టంగా తెల్ల పొగ వచ్చి అదే ఆగిపోతుంది. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో టీ చెంచాడు ఆయిల్ పోసి, కిల్ స్విచ్ తాడు తీసేసి, స్టార్టరు తాడును నెమ్మదిగా నాలుగైదుసార్లు లాగి, ప్లగ్గులు బిగించండి. నీళ్లు కారిపోయేలా ఇంజనును నిటారుగానే ఉంచండి. జూన్‌లో మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు గట్టిగా పొగ వస్తుంది, కంగారు పడకండి. పాత ప్లగ్గులు తడిసి పని చేయకపోతే వేయడానికి ఓ కొత్త జత దగ్గర పెట్టుకోండి.