కీటో నగర సందర్శనకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఈక్వడార్ రాజధాని కీటో సముద్ర మట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఉన్నందున, మైదాన ప్రాంతం నుండి నేరుగా విమానంలో చేరుకున్నవారు మొదటి రోజున ఎత్తులు ఎక్కే కార్యక్రమాలేవీ పెట్టుకోకుండా, తగినంత నీరు తాగుతూ, మితంగా భుజిస్తూ, మద్యానికి దూరంగా ఉండాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు, గర్భిణులు టికెట్లు కొనకముందే వైద్యుని సంప్రదించాలి. ఎత్తైన ప్రదేశాల్లో కలిగే అస్వస్థతను నివారించేందుకు వాడే ఎసిటజోలమైడ్ వంటి మాత్రలను సొంత నిర్ణయంతో వాడరాదు.

పిచించా పర్వతం మీదికి వెళ్లే రోప్‌వే పై స్టేషన్ దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి, ఎంత ఉత్సాహం ఉన్నా దానిని రెండు మూడు రోజుల తరువాతకు వాయిదా వేయడం మేలు. అక్కడ తలనొప్పి, వికారం ఎక్కువైతే ఫొటోల కోసం ఆగకుండా కిందికి దిగాలి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా, దిగిన వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

భూమధ్యరేఖ చేరువలోనే ఉన్నందున, గాలి చల్లగా అనిపించినా ఎండ చర్మాన్ని త్వరగా కమిలిస్తుంది. సన్‌స్క్రీన్, టోపీలతో పాటు రెయిన్‌కోటు కూడా ఉంచుకోవాలి.

1978లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాత నగరంలో జేబుదొంగల పట్ల అప్రమత్తత అవసరం. పనెసిల్లో అనే కొండకు కాలినడకన కాక టాక్సీలోనే వెళ్లాలి. ఇక్కడ చెల్లేది అమెరికన్ డాలరే. చిన్న నోట్లు దగ్గర ఉంచుకోవాలి.