జాజ్ ట్రంపెట్ విద్వాంసుడి రికార్డింగుల పట్టిక ఎలా తయారుచేసుకోవాలి? క్లిఫర్డ్ బ్రౌన్ ఉదాహరణగా

పాటల యాప్‌లో క్లిఫర్డ్ బ్రౌన్ పేరు కొట్టి చూడండి. పదుల కొద్దీ ఆల్బములు వరసగా వస్తాయి. అట్టలు వేరు, పేర్లు వేరు, లోపల చాలాచోట్ల పాటలు మాత్రం అవే. ఏది ఎప్పుడు వాయించాడో, పక్కన ఎవరున్నారో తెలియదు. ఆల్బములను లెక్కపెట్టడం మానేసి, సంగీతకారులు ఒక రోజు ఒక గదిలో కూర్చుని వాయించిన ‘సెషన్’ను లెక్కగా తీసుకుంటే ఈ చిక్కంతా విడిపోతుంది. సెషన్ ఒక్కసారే జరుగుతుంది. దాన్ని ఎన్ని ఆల్బములుగా అచ్చేసినా తేదీ మారదు, మనుషులు మారరు.

మొదటి పట్టికకు క్లిఫర్డ్ బ్రౌన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో 1930 అక్టోబరు 30న పుట్టాడు. 1956 జూన్ 26న పెన్సిల్వేనియా టర్న్‌పైక్ రహదారి మీద కారు ప్రమాదంలో, ఇరవై అయిదేళ్ళకే పోయాడు. మొదటి స్టూడియో రికార్డింగు 1952 మార్చిలో. అంటే పని అంతా నాలుగేళ్ళ చిల్లరలో ఇమిడిపోతుంది. మరో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్‌తో మొదలుపెడితే నాలుగు దశాబ్దాలు తవ్వాలి, సగంలో వదిలేస్తారు.

1. గడులు గీసుకోండి

ఎక్సెల్ అయినా, రూళ్ళ పుస్తకమైనా సరే. ఈ గడులు ఉండాలి:

- తేదీ
- ఊరు, స్టూడియో లేదా క్లబ్బు
- సెషన్ ఎవరి పేరు మీద జరిగింది
- వాద్యకారులు, ఎవరి వాద్యం ఏది
- పాటలు, ఒక్కో పాటకు ఎన్ని టేకులు (టేకు అంటే పాటను ఒకసారి వాయించి రికార్డు చేసినది)
- మొదటి విడుదల: లేబుల్ (రికార్డు కంపెనీ పేరు), నంబరు
- ఇప్పుడు ఏ ఆల్బమ్‌లో దొరుకుతుంది
- సమాచారం ఎక్కడిది, ఎంత నమ్మొచ్చు

తేదీని 1953-06-09 లాగా సంవత్సరం ముందు పెట్టి రాయండి. అమెరికా రికార్డు మీద 8/6/54 అని ఉంటే ఆగస్టు 6, ఐరోపా రికార్డు మీద అదే జూన్ 8. ఈ ఒక్క గందరగోళంతోనే లేని సెషన్లు పుట్టుకొస్తాయి. ఎక్సెల్‌లో ఆ గడిని ముందే ‘టెక్స్ట్’గా మార్చండి. లేకపోతే రోజు తెలియక 1953-06 అని రాస్తే అది తనంతట తానే జూన్ 1 చేసేస్తుంది. రోజు తెలియనప్పుడు 1953-06-00 అని రాస్తే వరస చెడదు.

పేర్లను తెలుగులో రాసుకున్నా, పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో అసలు వర్ణక్రమం ఉంచుకోండి. వెతుకులాటకు అదే పనికొస్తుంది.

2. ముందు అస్థిపంజరం

వివరాల్లోకి దిగకుండా కాలక్రమం నిలబెట్టండి. బ్రౌన్ విషయంలో అది ఇలా ఉంటుంది.

1952 మార్చి 21, షికాగో. క్రిస్ పవెల్ బ్లూ ఫ్లేమ్స్ బృందంతో ఓకే (OKeh) లేబుల్‌కు. ఇది జాజ్ కాదు, రిథమ్ అండ్ బ్లూస్ నృత్య బృందం. అయినా పట్టికలో మొదటి వరస ఇదే.

1953 జూన్‌లో ఒక్క నెలలో మూడు సెషన్లు. 9న బ్లూ నోట్ లేబుల్‌కు లూ డొనాల్డ్‌సన్‌తో: డొనాల్డ్‌సన్ ఆల్టో శాక్సఫోన్, ఎల్మో హోప్ పియానో, పెర్సీ హీత్ బేస్, ఫిలీ జో జోన్స్ డ్రమ్స్. 11న ప్రెస్టీజ్ లేబుల్‌కు టాడ్ డామరాన్ పెద్ద బృందంలో. తర్వాత ట్రాంబోన్ విద్వాంసుడు జె.జె. జాన్సన్ సెక్స్‌టెట్ (ఆరుగురి బృందం)లో. ఆగస్టు 28న బ్రౌన్ సొంత పేరుతో బ్లూ నోట్ సెషన్: జీజీ గ్రైస్, చార్లీ రౌజ్, జాన్ లూయిస్, పెర్సీ హీత్, ఆర్ట్ బ్లేకీ.

ఆ శరదృతువులో లయనల్ హాంప్టన్ బృందంతో ఐరోపా యాత్ర. విడిగా రికార్డు చేయకూడదని బృందం యాజమాన్యం కట్టడి చేసింది. కుర్రవాళ్ళు రాత్రిళ్ళు హోటల్ నుంచి జారుకుని వెళ్ళి రికార్డు చేశారు. అందుకే ఆ స్టాక్‌హోమ్, పారిస్ సెషన్లలో హాంప్టన్ కనిపించడు, అతని బృందంలోని ఆర్ట్ ఫార్మర్, క్విన్సీ జోన్స్, జీజీ గ్రైస్ కనిపిస్తారు. మిగతా వాద్యాలు స్థానికులవి: స్వీడన్‌లో బెంట్ హాల్‌బెర్గ్, లార్స్ గులిన్ వంటివారు, పారిస్‌లో పియానో ఆన్రీ రెనో, బేస్ పియర్ మిషలో.

1954 ఫిబ్రవరి 21, న్యూయార్క్ బర్డ్‌ల్యాండ్ క్లబ్బు, ఆర్ట్ బ్లేకీ క్వింటెట్ (అయిదుగురి బృందం). ఆ ఏడాదే కాలిఫోర్నియాలో డ్రమ్స్ విద్వాంసుడు మాక్స్ రోచ్‌తో కలిసి సొంత క్వింటెట్. అప్పటి నుంచి ఎక్కువ భాగం ఎమార్సీ లేబుల్‌కే. మెర్క్యురీ రికార్డ్ కార్పొరేషన్ పొట్టి అక్షరాలను పలికితే వచ్చిన పేరది, కాబట్టి పాత జాబితాల్లో మెర్క్యురీ కింద కూడా వెతకండి.

3. ఆల్బమ్‌ను సెషన్లుగా విడగొట్టండి

అసలు శ్రమ ఇక్కడే, ఫలితమూ ఇక్కడే. బ్రౌన్ పోయాక బ్లూ నోట్ ‘మెమోరియల్ ఆల్బమ్’ అని ఒకటి వేసింది, నంబరు 1526. అందులో 1953 జూన్ 9 సెషన్, ఆగస్టు 28 సెషన్ కలిసి ఉన్నాయి. పెర్సీ హీత్ తప్ప రెండింటిలోనూ పక్కవాద్యం పూర్తిగా వేరు. అట్ట వెనక అందరి పేర్లూ ఒకే ముద్దగా చదివి రాసుకుంటే, ఎల్మో హోప్, జాన్ లూయిస్ ఇద్దరూ ఒకే పాటలో పియానో వాయించినట్టు తేలుతుంది. ప్రెస్టీజ్ వాళ్ళూ ‘మెమోరియల్’ అనే పేరుతోనే మరొకటి వేశారు. అందులో డామరాన్ సెషన్, స్టాక్‌హోమ్ సెషన్ ఉన్నాయి. ఆల్బమ్ పేరు పక్కన లేబుల్ రాయకపోతే ఈ రెండూ తప్పకుండా కలిసిపోతాయి.

ఎమార్సీ పన్నెండు అంగుళాల ఎల్పీ ‘క్లిఫర్డ్ బ్రౌన్ అండ్ మాక్స్ రోచ్’ కూడా అంతే. జోర్డూ, జాయ్ స్ప్రింగ్, దాహూద్, డిలైలా, పారిసియన్ థరోఫేర్ 1954 ఆగస్టువి. ద బ్లూస్ వాక్, వాట్ యామ్ ఐ హియర్ ఫర్ 1955 ఫిబ్రవరివి. పది అంగుళాల రికార్డులు పోయి పన్నెండు అంగుళాలవి వచ్చిన రోజులవి. చోటు పెరిగింది కాబట్టి కంపెనీలు పాతవాటికి కొత్తవి చేర్చి మళ్ళీ అచ్చేశాయి. బర్డ్‌ల్యాండ్ రాత్రి ముందు మూడు పది అంగుళాల రికార్డులుగా వచ్చి, తర్వాత రెండు పన్నెండు అంగుళాలవిగా మారింది. 1950ల నాటి రికార్డు ఏది దొరికినా ‘ఇది ముందు పది అంగుళాలుగా వచ్చిందా?’ అని అడగండి.

చేతిలో అసలు ప్లాస్టిక్ రికార్డు ఉంటే, చివరి గీతకూ, నడిమధ్య అతికించిన కాగితానికీ మధ్య ఉండే నున్నటి పట్టీ మీద ఏటవాలుగా టార్చి వేసి చూడండి. చెక్కిన నంబరు కనిపిస్తుంది. దానితో జాగ్రత్త. 78 స్పీడు రికార్డు (పక్కకు ఒక పాట పట్టే పాత రకం) మీద ఆ నంబరు సాధారణంగా ఆ పాటకు చెందినది, కొన్నిసార్లు టేకును కూడా చెబుతుంది. ఎల్పీ (పక్కకు చాలా పాటలు పట్టే రికార్డు) మీద మాత్రం మొత్తం ఒక పక్కకు చెందినది, సెషన్ గురించి ఏమీ చెప్పదు.

4. వాద్యకారులను పాటవారీగా నింపండి

మన సినిమా పాటల రికార్డుల మీద వాద్యకారుల పేర్లు వేసే అలవాటు అంతగా ఉండేది కాదు కాబట్టి, జాజ్ ఎల్పీ వెనక పేర్లన్నీ చూడగానే పని అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. ఆ పేర్లు ఆల్బమ్ మొత్తానివి. గాయని సారా వాన్ 1954 డిసెంబరు ఎమార్సీ రికార్డులో బ్రౌన్‌తో పాటు హెర్బీ మాన్ ఫ్లూట్, పాల్ క్వినిషెట్ టెనర్ శాక్సఫోన్, జిమ్మీ జోన్స్ పియానో, జో బెంజమిన్ బేస్, రాయ్ హేన్స్ డ్రమ్స్. కానీ ‘ఎంబ్రేసబుల్ యూ’ పాటలో ట్రంపెట్టే లేదు, గొంతు వెనక పియానో, బేస్, డ్రమ్స్ మాత్రమే. ప్రతి పాటనూ ఒక్కసారైనా విని టిక్కు పెట్టండి.

బ్రౌన్-రోచ్ క్వింటెట్‌లో రిచీ పవెల్ పియానో, జార్జ్ మారో బేస్. టెనర్ శాక్సఫోన్ దగ్గరే మార్పు. ఎమార్సీలో 1954, 1955 సెషన్లకు హెరాల్డ్ లాండ్. 1955 చివర లాండ్ కాలిఫోర్నియాకు తిరిగి వెళ్ళిపోయాడు, ఆ చోటులోకి సానీ రోలిన్స్ వచ్చాడు. కాబట్టి 1956 స్టూడియో రికార్డుల్లో ఉన్నది రోలిన్సే. కాలిఫోర్నియా కచేరీల ఆల్బమ్ చేతికొస్తే మరో జాగ్రత్త: అందులో సగం పాటలకు టెడ్డీ ఎడ్వర్డ్స్ టెనర్, కార్ల్ పెర్కిన్స్ పియానో. మిగతా సగానికి లాండ్, రిచీ పవెల్. ఒకే ఆల్బమ్, రెండు బృందాలు.

ఇంటిపేర్ల వల్ల పొరపాట్లు చాలా జరుగుతాయి. ఈ ఒక్క పట్టికలోనే ముగ్గురు జోన్స్‌లు: డ్రమ్స్ ఫిలీ జో, పియానో జిమ్మీ, వాద్యాల అమరిక (అరేంజ్‌మెంట్) క్విన్సీ. పవెల్‌లూ ముగ్గురు: బృందనాయకుడు క్రిస్, పియానో రిచీ, పారిసియన్ థరోఫేర్ స్వరకర్త బడ్. బడ్, రిచీ అన్నదమ్ములు. జె.జె. జాన్సన్ సెషన్‌లో హీత్ సోదరులిద్దరూ ఉన్నారు, పెర్సీ బేస్, జిమ్మీ శాక్సఫోన్. ‘పవెల్’, ‘జోన్స్’ అని పొట్టిగా రాసుకుంటే నెల తర్వాత మీ పట్టిక మీకే అర్థం కాదు.

5. ఇతరుల పేరు మీద ఉన్నవి వెతకండి

యాప్‌లో బ్రౌన్ పేరుతో వెతికితే కొన్ని జారిపోతాయి. సారా వాన్ రికార్డు మొదట వచ్చింది ఆమె పేరుతోనే, బ్రౌన్ పేరు తర్వాతి ముద్రణల్లో అట్టకెక్కింది. క్విన్సీ జోన్స్ వాద్యాల అమరికతో అదే డిసెంబరులో చేసిన గాయని హెలెన్ మెరిల్ రికార్డుదీ అదే కథ. వీటన్నిటిలో ముఖ్యమైనది ‘సానీ రోలిన్స్ ప్లస్ 4’. 1956 మార్చి 22న ప్రెస్టీజ్‌కు చేసింది. పేరు రోలిన్స్‌ది, వాయించింది అచ్చంగా బ్రౌన్-రోచ్ క్వింటెట్. రోలిన్స్ ఒప్పందం ప్రెస్టీజ్‌తో కాబట్టి నాయకుడి పేరు మారింది, అంతే.

ఇందుకు పద్ధతి: పక్కవాద్యకారుల్లో ఒక్కొక్కరి జాబితా తెరిచి, 1952–56 మధ్య బ్రౌన్ పేరు ఉందేమో చూడండి.

6. ఇద్దరు ముగ్గురు ట్రంపెట్లు ఉంటే చెవితో తేల్చండి

1954 ఆగస్టులో గాయని డైనా వాషింగ్టన్‌తో చేసిన జామ్ సెషన్‌లో (అప్పటికప్పుడు అల్లుతూ కలిసి వాయించేది) బ్రౌన్, క్లార్క్ టెర్రీ, మేనార్డ్ ఫెర్గసన్ ముగ్గురూ ఉన్నారు. ముందు బ్రౌన్ ఒక్కడే ఉన్న నెమ్మదైన పాట, 1953 ఆగస్టు నాటి ‘ఈజీ లివింగ్’, నాలుగైదు సార్లు వినండి. నిండుగా, వెచ్చగా ఉండే నాదం. ఎంత వేగంలోనైనా ప్రతి స్వరానికీ విడిగా నాలుక తగిలిన స్పష్టత ఉంటుంది. ఫెర్గసన్‌ను పట్టుకోవడం తేలిక, మిగతావాళ్ళు చేరని తారస్థాయిలోకి వెళ్ళిపోతాడు. స్టాక్‌హోమ్ సెషన్‌లో రెండో ట్రంపెట్ ఆర్ట్ ఫార్మర్‌తో పోల్చడం కష్టమైనది. ఫార్మర్ నాదం పలచన, స్వరాల గుత్తుల మధ్య ఖాళీలు ఎక్కువ. తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. ఊహను ఖాయం చేసి రాయకండి.

7. ఒకే టేకా, వేరే టేకా?

ఒకే పేరున్న రెండు ట్రాకుల నిడివి తేడాగా ఉంటే వెంటనే ‘మరో టేకు’ అనుకోవద్దు. జాజ్‌లో సోలో అప్పటికప్పుడు అల్లేది, రెండోసారి స్వరం స్వరం అలాగే రాదు. రెండిటిలోనూ ట్రంపెట్ సోలో మొదటి ఎనిమిది బార్లు (తాళపు ఆవర్తనాలు) వినండి. స్వరాలు అచ్చంగా అవే అయితే టేకు ఒకటే. అప్పుడు నిడివి తేడాకు కారణం చివర కోసేయడమో, టేపు వేగం తప్పడమో. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక అర్ధస్వరం పెరుగుతుంది. అంటే 200 సెకన్ల పాట దాదాపు 11 సెకన్లు తగ్గుతుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చివరి స్వరం చూస్తే బయటపడుతుంది.

నిజంగా వేరేవీ ఉన్నాయి. 1953 ఆగస్టు ‘చెరోకీ’కి అచ్చయిన టేకులు ఒకటి కంటే ఎక్కువ. అదే పాట 1955 ఫిబ్రవరిలో ‘స్టడీ ఇన్ బ్రౌన్’కు మళ్ళీ వాయించాడు. ‘జాయ్ స్ప్రింగ్’, ‘దాహూద్’ 1954 వేసవిలోనే రెండు లేబుళ్ళకు చేశాడు. పసిఫిక్ జాజ్‌కు జాక్ మాంట్రోజ్ వాద్యాల అమరికతో, జూట్ సిమ్స్, రస్ ఫ్రీమన్, షెలీ మాన్ ఉన్న బృందం. ఎమార్సీకి సొంత క్వింటెట్. మొదటి దానిలో జాయ్ స్ప్రింగ్ మూడు నిమిషాల చిల్లర, రెండో దానిలో ఆరున్నర దాటుతుంది.

8. అట్ట చెప్పే తేదీని, చోటును అనుమానించండి

‘ఎట్ బేసిన్ స్ట్రీట్’ పేరు చూసి క్లబ్బులో చేసిందనుకుంటారు. అది 1956 జనవరి, ఫిబ్రవరిల్లో న్యూయార్క్ స్టూడియోలో చేసింది. వింటే చప్పట్లు లేవు, గ్లాసుల చప్పుడు లేదు.

అంతకంటే పెద్ద ఉచ్చు 1973లో కొలంబియా కంపెనీ వేసిన ‘ద బిగినింగ్ అండ్ ది ఎండ్’. ఫిలడెల్ఫియాలో స్థానికులతో వాయించిన కొన్ని ట్రాకులను ప్రమాదానికి ముందు సాయంత్రం, 1956 జూన్ 25, అని అట్ట మీద వేశారు. ఆ ఆఖరి రాత్రి కథ జనంలో బలంగా పాతుకుపోయింది. తర్వాతి పరిశోధకులు దాన్ని 1955 మే 31గా తేల్చారు. పట్టికలో 1955-05-31 వరసలో పెట్టి, అట్ట తేదీని చివరి గడిలో రాయండి. కొట్టేయకండి, పాత తేదీతో వెతుకుతూ వచ్చేవాళ్ళకు అది కావాలి.

ఏ తేదీకైనా రెండు స్వతంత్ర ఆధారాలు చూడండి. ఒకే అక్షరదోషం రెండు చోట్లా ఉంటే ఒకదాన్ని చూసి మరొకటి రాసినట్టే, రెండూ కలిపి ఒక్క ఆధారం. టామ్ లార్డ్ డిస్కోగ్రఫీ (జాజ్ రికార్డింగుల జాబితా), డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో పెట్టిన అట్టల ఫోటోలు, పది సీడీల ఎమార్సీ పెట్టె ‘బ్రౌనీ’తో వచ్చిన పుస్తకం, మొజాయిక్ కంపెనీ వాళ్ళ బ్లూ నోట్–పసిఫిక్ జాజ్ పెట్టె: ఈ నాలుగింటితో చాలా వరసలు నిండుతాయి.

9. పట్టిక వరసలోనే వినండి

యాప్‌లో ఒక ప్లేలిస్ట్ పెట్టి, ఆల్బమ్ క్రమం వదిలేసి, తేదీల క్రమంలో పాటలు చేర్చండి. 1955 ఫిబ్రవరి ‘చెరోకీ’ దగ్గర ఆగి 1953 ఆగస్టుదానికి వెనక్కి వెళ్ళండి. ఏడాదిన్నరలో ఏం మారిందో తెలుస్తుంది. ‘ఎట్ బేసిన్ స్ట్రీట్’ అయ్యాక వెంటనే ‘సానీ రోలిన్స్ ప్లస్ 4’లోని ‘వాల్స్ హాట్’ వచ్చేలా చూసుకోండి. అవే అయిదుగురు, నెల రోజుల తేడా, ఈసారి మూడు దెబ్బల తాళం.