మోకాలు అరగడం మొదలైందా? వట్టి కాళ్లతో నడక ఇలా మొదలుపెట్టండి

కుడి మోకాలు కొద్దిగా అరిగిందని ఎక్స్‌రేలో తేలగానే నేను చేసిన పెద్ద పొరపాటు నడక మానేయడం. మూడు వారాల్లో కాలు ఇంకా బిగుసుకుపోయింది. కీలులోని మృదులాస్థికి (ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర) రక్తనాళాలు ఉండవు. మనం కదులుతుంటేనే కీళ్లలోని ద్రవం దానికి పోషణ అందిస్తుంది. అందుకే నడక ఆపొద్దు.

ముందు తొడకి బలం రావాలి. మంచం మీద కాలు చాపి, మోకాలిని కిందికి నొక్కుతున్నట్టు తొడ బిగించి, ఐదు లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు. వేళ్లు ఆనించి చూస్తే మోకాలి చిప్ప కాస్త పైకి జరగడం తెలుస్తుంది.

తర్వాత వట్టి కాళ్లతో ఇంట్లోనే 5 నిమిషాలు. నేను వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ వెళ్లి, ఆ తర్వాతే గడ్డి మీద నడిచాను. అడుగులు చిన్నవిగా వేయండి. మడమ దబ్బుమని చప్పుడు చేస్తోందంటే అడుగు మరీ పొడవైందన్నమాట.

కాస్త నొప్పికి టెన్షన్ పడక్కర్లేదు. మర్నాటికి కూడా తగ్గకపోతే నడక సగానికి తగ్గించండి. వాపు, వేడి ఉంటే డాక్టర్‌కి చూపించాల్సిందే.

బొటనవేలి మొదట్లో కీలు అరిగినవాళ్లకి మాత్రం వట్టి కాళ్ల నడకలో వేలు బాగా వంగి నొప్పి పెరగొచ్చు. వాళ్లకి అడుగుభాగం వంగని బూట్లే నయం. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు దయచేసి చెప్పులు విడవకండి, గాయమైనా తెలియదు.