వర్డ్‌ప్రెస్ మెనూ: జాబితా ఒకచోట, దాని స్థానం మరొకచోట

వర్డ్‌ప్రెస్‌లో కొత్తగా సైటు కట్టుకున్నవారు మెనూ దగ్గర ఒకసారైనా తికమక పడతారు. లింకులన్నీ చేర్చి, సేవ్ మెనూ నొక్కి, సైటు తెరిచి చూస్తే పై పట్టీలో ఏ మార్పూ కనిపించదు. వర్డ్‌ప్రెస్ లెక్కలో మెనూ అంటే లింకుల జాబితా మాత్రమే. ఆ జాబితా పేజీలో ఎక్కడ కనిపించాలన్నది సైటు రూపురేఖలను నిర్ణయించే థీమ్ ఏర్పరచిన స్థానాలను బట్టి విడిగా నిర్ణయించవలసిన విషయం. 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి క్లాసిక్ థీమ్‌లు అనే పాత తరహా థీమ్‌లలో ఈ పద్ధతే నడుస్తోంది. ఒక చిన్న తెలుగు సాహిత్య పత్రిక సైటుకు నేను మెనూ అమర్చిన తీరును ఆధారం చేసుకుని ఈ పనిని వివరిస్తాను.

సైటును నిర్వహించే తెర అయిన డాష్‌బోర్డును తెరవకముందే మెనూను కాగితం మీద రాసుకోవడం మంచిది. ఆ పత్రికవారు మొదట పదిహేను అంశాలు అడిగారు. కూర్చుని మాట్లాడుకున్నాక అవి ఏడుకు తగ్గాయి: మొదటి పేజీ, కథలు, కవితలు, వ్యాసాలు, పాత సంచికలు, రచనలు పంపండి, మా గురించి. తెలుగు మాటలు తెర మీద ఎక్కువ వెడల్పు తీసుకుంటాయి కనుక పై వరుసలో ఏడు దాటకుండా చూసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక అప్పియరెన్స్ కింద మెనూస్ తెరిచి కొత్త మెనూకు ఒక పేరు పెట్టాలి. ఆ పేరు మనం గుర్తుపట్టడానికే తప్ప మెనూ పట్టీలో కనిపించదు. ఎడమవైపు పేజెస్, పోస్ట్స్, కస్టమ్ లింక్స్, కేటగిరీస్ అనే పెట్టెలు ఉంటాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. ‘కథలు’ అనే ఖాళీ పేజీ ఒకటి తయారుచేసి దాన్ని మెనూలో చేర్చి, ప్రచురించిన కథలు అందులోకి వాటంతట అవే వస్తాయని ఎదురుచూస్తారు. అవి రావు. పోస్టులుగా ప్రచురించే రచనలకు కథలు, కవితలు అన్న కేటగిరీలు (వర్గాలు) ఇచ్చి, మెనూలోకి ఆ కేటగిరీలనే చేర్చాలి. ‘మా గురించి’ లాంటి స్థిరమైన సమాచారానికి పేజీ సరిపోతుంది. చేర్చవలసిన పేజీ ఎడమవైపు పెట్టెలో కనిపించకపోతే, అది ఇంకా డ్రాఫ్టుగానే ఉండిపోయిందేమో చూడాలి. ప్రచురించిన పేజీలే అక్కడికి వస్తాయి.

సొంత సైటులోని పేజీలకు కస్టమ్ లింకులు వాడకపోవడం మంచిది. పేజెస్ పెట్టె నుంచి చేర్చిన అంశం ఆ పేజీతో ముడిపడి ఉంటుంది కనుక, పేజీ చిరునామా మారితే మెనూలోని లింకు కూడా దానితోపాటే మారుతుంది. కస్టమ్ లింకు మాత్రం మనం టైపు చేసిన చిరునామానే పట్టుకుని ఉంటుంది. ఒకసారి నేను బద్ధకించి అన్నింటికీ కస్టమ్ లింకులే పెట్టాను. పరీక్షా చిరునామా నుంచి అసలు డొమైన్‌కు సైటును మార్చిన మర్నాడు, మెనూ నొక్కిన పాఠకులందరూ పాత చిరునామాకే వెళ్లిపోయారు. ఆ లింకులన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా దిద్దుకోవలసి వచ్చింది.

చేర్చిన అంశాలు కుడివైపు ఒకదాని కింద ఒకటి పెట్టెలుగా వచ్చి చేరతాయి. వాటిని పట్టుకుని పైకీ కిందికీ లాగితే వరుస మారుతుంది. ‘పాత సంచికలు’ కింద సంవత్సరాలు రావాలంటే, సంవత్సరం పేరున్న పెట్టెను దాని కిందికి తెచ్చి కొద్దిగా కుడివైపుకు జరపాలి; చుక్కల గీతల చట్రం లోపలికి జరిగినట్టు కనిపించాకే మౌసు వదలాలి. ముందే వదిలితే అది పై వరుసలోనే ఉండిపోతుంది. పెట్టెను తెరిస్తే అందులో పేరు మార్చుకునే వీలు ఉంటుంది. పేజీ శీర్షిక ‘మా పత్రికకు రచనలు పంపేవారికి సూచనలు’ అని ఎంత పొడుగ్గా ఉన్నా, మెనూలో ‘రచనలు పంపండి’ అని పెట్టుకోవచ్చు. అయితే ఇలా మార్చిన తరువాత పేజీ శీర్షికను దిద్దినా మెనూలోని పేరు మారదు. మెనూ నుంచి ఒక అంశాన్ని తీసేసినంత మాత్రాన అసలు పేజీ పోదు కనుక, భయపడకుండా మార్పులు చేసుకోవచ్చు.

మొదట చెప్పిన తికమకకు విరుగుడు ఈ తెర అడుగునే ఉంది. మెనూ సెట్టింగ్స్‌లో థీమ్ ఇచ్చే స్థానాల పేర్లు కనిపిస్తాయి. ట్వెంటీ ట్వెంటీ-వన్ థీమ్‌లో ప్రైమరీ మెనూ, సెకండరీ మెనూ అని రెండు ఉంటాయి. మొదటిది పైన, రెండవది పేజీ అడుగున వస్తుంది. కావలసినదానికి టిక్కు పెట్టి సేవ్ చేయాలి. థీమ్ మార్చినప్పుడు మెనూ కనబడకపోతే కంగారు పడనక్కరలేదు. జాబితా భద్రంగానే ఉంటుంది. కొత్త థీమ్‌లోని స్థానానికి మళ్లీ టిక్కు పెడితే చాలు.

తెలుగులో సైటు నడిపేవారు అదనంగా చూసుకోవలసినవి రెండు ఉన్నాయి. చిరునామా చివర ఆ పేజీని గుర్తించే పేరును స్లగ్ అంటారు. దానికి వర్డ్‌ప్రెస్ 200 అక్షర స్థానాలు కేటాయిస్తుంది. తెలుగు లిపిని శాతం గుర్తులున్న (%) రూపంలోకి మార్చి భద్రపరిచేటప్పుడు ఒక్కో తెలుగు సంకేతానికి 9 స్థానాలు పడతాయి. ‘లక్ష్మి’ అన్న మాటలో అక్షరాలు, పొల్లులు, గుడి కలిపి 7 సంకేతాలున్నాయి; అంటే ఆ ఒక్క మాటకే 63 స్థానాలు పోతాయి. మొత్తం మీద 22 సంకేతాలు దాటితే స్లగ్ మధ్యలో తెగిపోతుంది. అందుకే మెనూలోకి వెళ్లే పేజీలకు పొట్టి స్లగ్ ముందే పెట్టుకోవాలి. రెండవది వత్తుల సంగతి. ఆంగ్లాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన థీమ్‌లలో మెనూ పట్టీ ఎత్తు తక్కువగా ఉండి, ‘పత్రిక’లోని రవత్తు అడుగుభాగం కత్తిరించినట్టు కనిపించవచ్చు. అప్పుడు లైన్ హైట్‌ను, అంటే ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తును, అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పైగా పెంచి చూడాలి.

2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్‌తో మొదలైన బ్లాక్ థీమ్‌లలో, అంటే పేజీ మొత్తాన్నీ బ్లాకులు అనే విడి భాగాలతో కట్టే థీమ్‌లలో, దారి వేరు. సాధారణంగా వాటిలో మెనూస్ తెర ఉండదు. అప్పియరెన్స్ కింద ఎడిటర్ తెరిచి, హెడర్‌లోని (పేజీ పైభాగంలోని) నావిగేషన్ బ్లాకును ఎంచుకోవాలి. మొదట్లో అందులో పేజ్ లిస్ట్ అనే బ్లాకు ఉండి, ప్రచురించిన పేజీలన్నింటినీ అడగకుండానే చూపిస్తుంది. దాన్ని విడి లింకులుగా మార్చుకుంటే మనకు నచ్చినట్టు దిద్దుకోవచ్చు, కానీ ఆ తరువాత కొత్త పేజీలను మనమే చేర్చుకోవాలి. ఓవర్‌లే మెనూ అనే అమరికలో మొబైల్ ఎంచుకుంటే, తెర వెడల్పు 600 పిక్సెళ్ల లోపు ఉన్నప్పుడు మెనూ గీతల గుర్తుగా ముడుచుకుంటుంది. అంతకన్నా కొంచెం పెద్దవైన ట్యాబ్లెట్లలో తెలుగు పేర్లు రెండు వరుసలుగా విరిగే అవకాశం ఉంది కనుక, ఫోనులోనే కాక ట్యాబ్లెట్లో కూడా ఒకసారి తెరిచి చూడాలి. అక్కడ పాత మెనూయే కనిపిస్తుంటే, పేజీల నకళ్లను దాచి ఉంచే క్యాషింగ్ ప్లగిన్ ఏదైనా సైటులో ఉందేమో చూసి, దాని క్యాష్‌ను ఖాళీ చేయాలి.