జట్టులో మనసు, పని – 4వ పాఠం: తక్కువైంది ఎక్కడో లెక్క తియ్యడం

కిందటి పాఠంలో జట్టులో ఒక్కొక్కరూ రోజంతా ఏం చేస్తారో గంటల వారీగా రాయమన్నాం. ఆ కాగితం తీసి పెట్టుకోండి, ఇవాళ దానికి అంకెలు వేద్దాం.

చేసేవాళ్ళకి ఒక పని తన మీద ఎంత మనసు పుట్టించగలదో కొలిచే లెక్క ఇది. రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులది, 1975 నాటిది. పనిలో ఐదు సంగతులు చూస్తారు: ఎన్ని రకాల నేర్పు కావాలి, మొదటి నుంచి చివరిదాకా తన చేతిమీదే సాగుతుందా, ఎవరికైనా అక్కరకొస్తుందా, ఎలా చెయ్యాలో తానే తేల్చుకోవచ్చా, బాగా వచ్చిందో లేదో తనకు తెలుస్తుందా. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా వెయ్యండి. మొదటి మూడూ కూడి 3తో భాగించి, వచ్చినదాన్ని నాలుగో అంకెతోనూ ఐదో అంకెతోనూ గుణించండి. అన్నీ ఏడులైతే 343.

బరంపురంలో ఒక అప్పడాల యూనిట్ అనుకుందాం. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, సగం తెలుగిళ్ళ వాళ్ళు, సగం ఒడియా వాళ్ళు. వత్తే ఆవిడకి పొద్దున్నే ఉండలు అందుతాయి, సాయంత్రం పళ్ళేలు అప్పగించి వెళ్తుంది. నేర్పు 3, మొత్తం పని 2, అక్కర 4, సగటు 3. ఉండ ఎంత, వెడల్పెంత అన్నీ ఓనరే చెప్తాడు కాబట్టి స్వేచ్ఛ 2. అంచు మందమై నూనెలో సరిగ్గా పొంగలేదని కొట్టువాళ్ళు ప్యాకెట్లు తిప్పి పంపితే, ఆ మాట ఓనరు దగ్గరే ఆగిపోతుంది. ఆవిడ చెవిన పడేది "ఈ నెల సరుకు బాలేదు" అన్న కేక ఒక్కటే. కాబట్టి ఐదోది 1. మొత్తం 3×2×1, అంటే 6.

ఇక్కడ చాలామంది విసుగు పోవాలని రోజుకో పని మారుస్తారు. నేర్పు 6 అయినా సగటు 4కే వస్తుంది, మొత్తం 8. అదే ఐదోదాన్ని 5 చెయ్యండి: 30. గుణకారంలో ఒకటి ఎంత పని చేస్తుందో చూశారా!

చెయ్యడం కష్టం కాదు. ఎవరి పళ్ళేనికి వాళ్ళ గుర్తు పెట్టండి. ఎండాక ఒక్కోదాంట్లోంచి రెండేసి అప్పడాలు వేయించి, వత్తిన మనిషి చేతికే ఇవ్వండి. అంచు పచ్చిగా ఉంటే ఆవిడే చూస్తుంది, మీరు నోరు విప్పక్కర్లేదు. అందరి ముందూ వరసలో పెట్టి ఎవరిది బాగుందో తేల్చారంటే మాత్రం చెడిపోతుంది. మర్నాటి నుంచి గుర్తులు చెరిపేస్తారు.

అంకెలు మీరొక్కరే వెయ్యకండి, వాళ్ళ చేతా వేయించండి. "నీకేం కావాలి?" అనడిగితే "ఏటుందండీ, బాగానే ఉంది" అంటారు. "మొన్నటి వారంలో ఏ రోజు పని చులాగ్గా తెమిలింది? ఎందుకు?" అనడగండి. ఒడియా వాళ్ళతో మాట్లాడేటప్పుడు మేస్త్రీని దుబాసీగా కూర్చోబెట్టొద్దు. మేస్త్రీ మీద ఫిర్యాదుంటే అది మీదాకా రాదు. తెలుగు వచ్చిన తోటి పనివాళ్ళలో ఒకరిని వాళ్ళనే ఎంచుకోమనండి.

కూలి బాకీ ఉన్నచోట ఈ లెక్క మొదలుపెట్టకండి. ముందు బాకీ తీర్చండి. జీతం మీద అసంతృప్తి ఉన్నవాళ్ళకి పని మార్పు అంతగా పట్టదని లెక్క చేసినవాళ్ళే చెప్పారు.

వచ్చే పాఠానికి: ఇద్దరికి అంకెలు వేసి, మీ అంకెకూ వాళ్ళ అంకెకూ 2 కన్నా ఎక్కువ తేడా ఉన్నచోట సున్నా చుట్టి ఉంచండి. స్వేచ్ఛ సంగతి అక్కణ్ణుంచి ఎత్తుకుంటాం.