కుక్కకు తడి ఆహారం అలవాటు చేయడం ఎలా?

డబ్బాల్లో, పౌచ్‌లలో దొరికే తడి ఆహారంలో సుమారు 75 శాతం నీరే ఉంటుంది. పొడి గుళికల్లో తేమ సుమారు 10 శాతమే. విజయనగరం ఎండల్లోనూ నీళ్ల గిన్నె ముట్టని కుక్కకు ఆ తేమ ఎంతో మేలు చేస్తుంది, మలం గట్టిపడి ముక్కే బాధ తగ్గుతుంది.

అయితే పేగుల్లోని సూక్ష్మజీవులు పాత తిండికి అలవాటుపడి ఉంటాయి కాబట్టి, నిన్నటిదాకా చోడి అంబలో, గుళికలో తిన్న కుక్కకు ఒక్కసారిగా గిన్నెడు తడి ఆహారం పెడితే విరేచనాలు పట్టుకోవచ్చు. నేను చేసిన తప్పు అదే. ఆ రాత్రంతా మా కుక్క బయటికి పోవాలని తలుపు గీరుతూనే ఉంది.

మొదటి 2 రోజులు పాత తిండిలో కొత్తది నాలుగో వంతు, తర్వాతి 2 రోజులు సగం, ఆపై 2 రోజులు ముప్పావు వంతు కలిపి, 7వ రోజు నుంచి పూర్తిగా కొత్తదే పెట్టండి. పొట్ట సున్నితమైతే 10 రోజులు తీసుకోవడమే మంచిది. రోజూ ఉదయం మలాన్ని గమనించండి: కాగితంతో ఎత్తితే ఆకారం చెడకుండా రావాలి, నేలకు అంటుకుని జారిపోతుంటే ముందటి పాళ్లకు వెనక్కి వెళ్లాలి.

రుచి కోసం మన చేపల పులుసు కలపకండి; అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. తెరిచిన డబ్బాను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి 2, 3 రోజుల్లో వాడేయండి, వేసవిలో గిన్నెలో మిగిలినది గంటలోపే తీసేయండి.

మలంలో రక్తం కనిపించినా, వాంతులు తోడైనా, విరేచనాలు ఒక రోజులో తగ్గకపోయినా పశువైద్యుడికి చూపించాలి. కూనల విషయంలో ఆ ఒక్క రోజు కూడా ఆగకూడదు.